విరిగిన షాఫ్టుకు ఏ స్టీలు, ఏ టెస్టు, ఏ తయారీ పద్ధతి? ఆటోనగర్‌కు వెళ్లే ముందు తేల్చుకోవాల్సినవి

విజయవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట వినపడుతుంది. "అన్నా, ఇది మళ్లీ విరిగింది. ఈసారి గట్టి మెటీరియల్ వేసి చెయ్యి." చేతిలో రెండు ముక్కలైన షాఫ్టో, పిన్నో, పళ్లు ఊడిన గేరో ఉంటుంది. షాపాయన "ఈఎన్ 24 వేద్దాం" అని ఒక గట్టి స్టీలు గ్రేడు పేరు చెబుతాడు, రేటు చెబుతాడు, పని మొదలవుతుంది. కొన్ని నెలలకు సరిగ్గా అదే చోట మళ్లీ విరుగుతుంది.

మెషీన్‌లో ఒక భాగం ప్రధానంగా నాలుగు రకాలుగా పాడవుతుంది. వంగిపోతుంది. అరిగిపోతుంది. ఒక్క దెబ్బకు పగులుతుంది. లేదా రోజూ కొంచెం కొంచెంగా చీలుతూ ఒకనాడు విరుగుతుంది. ఒక్కోదానికి మందు వేరు. అందుకే స్టీలు గ్రేడు అడిగే ముందు పాత భాగం ఎలా పోయిందో చూడండి. అది తెలిస్తే స్టీలు, తయారీ పద్ధతి, చేయించాల్సిన టెస్టు మూడూ చాలావరకు తేలిపోతాయి. డిప్లొమా, బీటెక్ మొదటి ఏళ్లలో ఉన్న పిల్లలకూ, మిల్లు నడుపుకునే వాళ్లకూ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ముందు విరిగిన ముఖం చూడండి

విరిగిన ముక్కల్ని తుక్కులో పారేయకండి. రెండు ముఖాలనూ కలిపి పెట్టి రుద్దకండి, అసలు గుర్తులు చెరిగిపోతాయి. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పగటి వెలుగులో కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి.

చాలా షాఫ్టుల్లో కనిపించేది ఇది: కీ గాడి (పుల్లీనో గేరునో షాఫ్టు మీద జారకుండా పట్టే కీ కూర్చునే గాడి) మూల దగ్గరో, సైజు మారే మెట్టు దగ్గరో ఒక అంచున చీలిక మొదలై ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి నున్నటి భాగం పాకి ఉంటుంది. దాని మీద విల్లులా వంగిన సన్నటి గీతలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. మిగిలిన భాగం గరుకుగా, అప్పుడే తెగినట్టు ఉంటుంది. ఇది ఫెటీగ్. నున్నటి భాగం వారాల తరబడి చీలుతూ వచ్చింది, గరుకు భాగం చివరి క్షణంలో తెగింది. గరుకు భాగం చిన్నగా ఉంటే లోడు నిజానికి తక్కువే, తప్పంతా ఆ మూల దగ్గర ఉంది. గరుకు భాగమే ఎక్కువగా ఉంటే షాఫ్టు మీద లోడే ఎక్కువైంది.

లోడు తక్కువైనా ఎందుకు విరుగుతుందో లెక్క వేస్తే అర్థమవుతుంది. నాలుగు పోల్ మోటారు నిమిషానికి సుమారు 1440 తిరుగుతుంది. ఎనిమిది గంటల షిఫ్టులో అది దాదాపు 7 లక్షల చుట్లు. బెల్టు లాగుడుకు వంగిన షాఫ్టు మీద ప్రతి బిందువూ ఒక్కో చుట్టుకు ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. రెండు వారాలకే కోటి సార్లు. ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ 1850లు, 60లలో రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి చూపించింది ఇదే: ఒక్కసారి మోయగల లోడు వేరు, కోట్ల సార్లు మోయగల లోడు వేరు. నున్నగా పాలిష్ చేసిన స్టీలు ముక్కకే ఆ రెండోది తన్యత బలంలో (లాగితే తెగేలోపు మోసే గరిష్ఠ ఒత్తిడిలో) సుమారు సగం. గాడి, మెట్టు, తుప్పు ఉంటే ఇంకా తక్కువ.

మిగతా గుర్తులు త్వరగా చెప్పేస్తాను. సన్నబడి, సాగి, కప్పు ఆకారంలో తెగితే మెత్తని స్టీలు మీద ఒక్కసారిగా ఎక్కువ లోడు పడింది. ఏమాత్రం సాగకుండా, ముఖమంతా పంచదార పలుకుల్లా మెరుస్తూ ఉంటే పెళుసుగా పగిలింది. మెలి తిప్పే లోడుకు మెత్తని షాఫ్టు అడ్డంగా సమంగా తెగుతుంది, పెళుసు షాఫ్టు 45 డిగ్రీల కోణంలో మెలికగా పగులుతుంది.

ఎంఎస్, ఈఎన్ 8, ఈఎన్ 19, ఈఎన్ 24: దేనికి ఏది

ఎంఎస్ అంటే మైల్డ్ స్టీలు. మనకు దొరికేది చాలావరకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2062లోని ఈ250 రకం. దాని యీల్డ్ (తిరిగి తిన్నగా కాకుండా శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 250 మెగాపాస్కల్స్ చుట్టూ, తన్యత బలం కనీసం 410. ఫ్రేములు, బ్రాకెట్లు, కవర్లు, నెమ్మదిగా తిరిగే చిన్న లోడు పిన్నులకు ఇది చాలు. ఏ రాడ్‌తోనైనా హాయిగా వెల్డింగ్ అవుతుంది, అదే దీని అసలు బలం.

ఈఎన్ 8లో కార్బన్ సుమారు 0.4 శాతం. తన్యత బలం 550 నుంచి 620 మెగాపాస్కల్స్ వరకు మామూలు స్థితిలోనే వస్తుంది. బేరింగ్ కూర్చునే చోటో, సీల్ రుద్దుకునే చోటో పైపైన ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో పైపొరను వేడి చేసి గట్టిపరచడం) చేయిస్తే కాఠిన్యం రాక్‌వెల్ సీ స్కేలులో 50 హెచ్‌ఆర్‌సీ దాటుతుంది. పిండి మర, కారం మిల్లు, కన్వేయరు, పంపు షాఫ్టుల్లో ఎక్కువ భాగానికి నా సలహా ఇదే.

ఈఎన్ 19లో క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. ఈఎన్ 24లో వాటికి తోడు సుమారు 1.5 శాతం నికెల్ కలుస్తుంది. రెండూ మార్కెట్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చేసిన "టీ" కండిషన్‌లో 850 నుంచి 1000 మెగాపాస్కల్స్ బలంతో దొరుకుతాయి. మరి తేడా ఏమిటి? మందం. ఈఎన్ 19 సుమారు 63 మి.మీ. వ్యాసం వరకే ఆ బలం ఇవ్వగలదు. దానికి మించి లావైతే లోపలి దాకా గట్టిపడదు. ఈఎన్ 24 సుమారు 150 మి.మీ. వరకు ఇస్తుంది. అంటే 40, 50 మి.మీ. షాఫ్టుకు ఈఎన్ 24 కొనడం నికెల్‌కు ఊరికే డబ్బు కట్టడం, ఈఎన్ 19 టీ సరిపోతుంది. లావాటి ఇరుసులు, పెద్ద గేర్ల జోలికి వెళ్తేనే ఈఎన్ 24 గుర్తుకు రావాలి.

ఇంకో విషయం షాపుల్లో ఎవరూ చెప్పరు. బలం పెరిగే కొద్దీ స్టీలు పదునైన మూలల్ని సహించదు. ఈఎన్ 8లో పదునుగా ఉన్న మెట్టు ఈఎన్ 24లోనూ అలాగే ఉంటే, పెట్టిన డబ్బుకు తగిన ఆయుష్షు రాదు. ముందు మెట్టు మూలకు గుండ్రదనం ఇవ్వమని టర్నర్‌కు చెప్పండి. "బేరింగ్ కూర్చోదండీ" అంటాడు, అందులో నిజం ఉంది. ఉదాహరణకు 6208 బేరింగ్ లోపలి అంచు గుండ్రదనం 1.1 మి.మీ. కాబట్టి షాఫ్టు మూల 1 మి.మీ. రేడియస్‌కు మించకూడదు. అంతకంటే ఎక్కువ కావాలంటే మూలకు రేడియస్ పెద్దది ఇచ్చి, బేరింగ్‌కూ మెట్టుకూ మధ్య లోపలి అంచు కోసిన ఒక రింగు పెట్టొచ్చు. ఆ రింగు ఖర్చు మంచి స్టీలు ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

కీ గాడి కూడా అంతే. ఎండ్ మిల్‌తో కోస్తే గాడి చివర నిట్టనిలువు గోడలా ఆగిపోతుంది. సైడ్ కట్టర్‌తో కోస్తే చివర మెల్లగా పైకి తేలుతుంది, అక్కడ ఒత్తిడి తక్కువ పోగవుతుంది. కీ జరిగిపోకుండా వేరే ఏర్పాటు ఉన్నచోట ఈ రెండో గాడే అడగండి.

విరిగిన షాఫ్టును అతికించి మళ్లీ వాడాలనుకునే వాళ్లు కార్బన్ సంగతి చూసుకోవాలి. కార్బన్‌కు మాంగనీసులో ఆరో వంతు కలిపి లెక్కేస్తే ఈఎన్ 8కు 0.5 దాటుతుంది. 0.4, 0.45 దాటిన స్టీలును ముందుగా వేడి చేయకుండా వెల్డింగ్ చేస్తే పక్కనే పెళుసు పట్టీ తయారవుతుంది. 150 నుంచి 250 డిగ్రీల దాకా వేడి చేసి, 7018 రాడ్లు ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి. కృష్ణ ఒడ్డున గాలిలో తేమకు, తెరిచిన ప్యాకెట్‌లోని రాడ్లు ఒక్క రోజులోనే చెమ్మ పట్టేస్తాయి. ఇంత శ్రద్ధ పెట్టినా తిరిగే షాఫ్టుకు అతుకు తాత్కాలికమే. సీజన్‌లో రెండు రోజులు గట్టెక్కడానికి సరే, దాని మీదే ఏడాది నడపొద్దు. ఈఎన్ 24నైతే అతికించే ఆలోచనే పెట్టుకోకండి.

వంగే షాఫ్టుకు గ్రేడు మార్చినా లాభం లేదు

ఇది అందరికీ తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది. తిరిగేటప్పుడు షాఫ్టు మధ్యలో వంగి ఊగుతోంది, బెల్టు పక్కకు పోతోంది, కానీ మెషీన్ ఆపితే షాఫ్టు తిన్నగానే ఉంది అంటే, అక్కడ కావాల్సింది బలం కాదు, బిగువు. ఆ గుణానికి కొలత యంగ్ మాడ్యులస్. ఎంఎస్ అయినా, ఈఎన్ 24 అయినా అది 200 నుంచి 210 గిగాపాస్కల్సే. హీట్ ట్రీట్‌మెంట్ కూడా దాన్ని మార్చలేదు. ఒకే లోడుకు రెండూ ఒకేలా వంగుతాయి.

మారేది వ్యాసంతోనే. వంగుడు వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 40 మి.మీ. షాఫ్టును 45 చేస్తే బిగువు 60 శాతం పెరుగుతుంది. మెలిని తట్టుకునే బలం మూడో ఘాతం ప్రకారం 42 శాతం పెరుగుతుంది. అయిదు మి.మీ. లావు ఇంత పని చేస్తుంది. లేదా రెండు బేరింగ్‌ల మధ్య దూరం తగ్గించండి, అది ఇంకా చవక. ఆపిన తర్వాత కూడా వంపు అలాగే ఉండిపోతే మాత్రం యీల్డ్ దాటింది, అప్పుడు గ్రేడు మార్చడంలో అర్థం ఉంది.

కారం మిల్లు హామర్లు: అరుగుడు వేరే లోకం

గుంటూరు, చుట్టుపక్కల మిర్చి మిల్లుల వాళ్లు తరచూ అడిగేది పల్వరైజర్ (మిర్చిని దంచి పొడి చేసే యంత్రం) హామర్ల గురించి. "స్టోన్ క్రషర్‌లో మాంగనీస్ స్టీలు వాడతారు కదా, అది వేస్తే ఏళ్ల తరబడి రాదా?" అని. రాదు, ఎందుకో చూడండి. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఆ స్టీలులో మాంగనీసు సుమారు 12 శాతం, కార్బన్ 1.2 శాతం ఉంటాయి. అది తయారైనప్పుడు మెత్తగానే ఉంటుంది. పెద్ద రాళ్లు మోదిన కొద్దీ పైపొర గట్టిపడుతుంది. ఎండు మిరపకాయ, గింజ ఆ మోత మోదలేవు. దెబ్బ చాలక పైపొర గట్టిపడదు, మెత్తగానే అరిగిపోతుంది.

దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మాంగనీస్ స్టీలును అయస్కాంతం పట్టదు. కారం మిల్లులో మేకులు, తీగ ముక్కలు పట్టడానికి మాగ్నెట్ పెడతారు. హామరు అంచు చిట్లితే ఆ ముక్క మాగ్నెట్ పక్క నుంచే వెళ్లి కారంలో కలుస్తుంది. 304 స్టెయిన్‌లెస్‌తోనూ ఇదే ఇబ్బంది, పైగా అది మెత్తన. కాబట్టి గింజ తగిలే గోడలకు, జల్లెడకు 304 వాడండి, దెబ్బ కొట్టే హామర్లకు 420 రకం స్టెయిన్‌లెస్ గట్టిపరిచి 50 హెచ్‌ఆర్‌సీ దగ్గర పెట్టించండి. అది తుప్పును కొంతవరకు ఆపుతుంది, మాగ్నెట్‌కు దొరుకుతుంది. హార్డ్ ఫేసింగ్ రాడ్లతో అంచు పోయించడం పశువుల దాణా మిల్లుకు బాగుంటుంది, మనిషి తినే కారానికి నేను వద్దంటాను, పెచ్చులూడితే అవి పోయేది పిండిలోకే. కొత్త హామర్లు బిగించేటప్పుడు తూకం వేసి, ఎదురెదురు వరసల్లో సమాన బరువు పడేలా అమర్చండి. చాలా మిల్లుల్లో బేరింగులు పోయేది ఇక్కడే.

గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎక్కువ కాబట్టి ఒక హెచ్చరిక. అమ్మోనియా లైన్ మీద ఇత్తడి, రాగి ఫిట్టింగులు పెట్టకూడదు. తేమ కలిసిన అమ్మోనియా ఇత్తడిని లోడు మీద ఉండగానే చీలుస్తుంది. అక్కడ ఎంత ఖరీదైన ఇత్తడి వాల్వు కన్నా మామూలు స్టీలు వాల్వే మేలు.

పోత పోయించాలా, బార్ నుంచి తిప్పించాలా, వెల్డింగ్‌తో కట్టించాలా

ఒక ఫ్లాంజ్ కప్లింగ్ తీసుకోండి. ఫ్లాంజ్ వ్యాసం 150 మి.మీ., మందం 20. హబ్ వ్యాసం 70, పొడవు 60. మధ్యలో 40 బోరు. దీన్ని 150 మి.మీ. రౌండు బార్ నుంచి తిప్పిస్తే 11 కిలోల ముక్క కొనాలి. చివరికి మిగిలే కప్లింగ్ బరువు 4 కిలోల లోపే. 7 కిలోలకు పైగా లేత్ కింద తుక్కుగా పోతుంది, దాన్ని కోసిన మెషీన్ గంటలు అదనం. అయినా ఒకటో రెండో కావాల్సి వస్తే ఇదే త్వరగా అయ్యే దారి, సాయంత్రానికి చేతికొస్తుంది.

అవే ముప్పై కావాలంటే పోత వైపు చూడండి. చెక్క నమూనా ఖర్చు ఒక్కసారే, తర్వాత ప్రతి ముక్కకూ కొంచెం కొంచెంగా సర్దుకుంటుంది. పోత ఇనుములో ఎఫ్‌జీ 200, ఎఫ్‌జీ 260 అన్న అంకెలు దాని తన్యత బలాన్నే మెగాపాస్కల్స్‌లో చెబుతాయి. నొక్కుడు లోడును దానికి మూడు నాలుగు రెట్లు మోస్తుంది, వణుకును మింగుతుంది, అందుకే లేత్ బెడ్లు, మోటారు బేస్‌లు దానితో పోస్తారు. సాగే గుణం మాత్రం దాదాపు సున్నా. ట్రాలీ హుక్కు, లింకు, లాగే చెవి లాంటివి దానితో చేయించడం ప్రమాదం. అక్కడా పోత భాగమే కావాలంటే సాగే గుణమున్న పోత ఇనుమైన ఎస్‌జీ ఐరన్ అడగండి. 500/7 గ్రేడు 500 మెగాపాస్కల్స్ మోస్తుంది, విరిగే ముందు 7 శాతం సాగి హెచ్చరిస్తుంది.

నమూనా మీ దగ్గరే చేయించుకుంటే కొలతల్లో కుదింపు మరవకండి. పోత ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు 10 మి.మీ., స్టీలు సుమారు 20 మి.మీ. కుదించుకుపోతుంది. ఒకే నమూనాతో ఈ రోజు ఐరన్, రేపు స్టీలు పోయించకూడదు. లావు భాగాలు చివరగా గడ్డకడతాయి, అక్కడే లోపల బొరియలు పడతాయి. లావు చోట రైజరు (గడ్డకట్టేటప్పుడు అదనపు లోహం అందించే గొట్టం) పెట్టారా అని ఫౌండ్రీలో అడగండి. మెషీనింగ్‌లో కూడా ముందు ఆ చోటే ఒక కోత వేయమనండి, బొరియ ఉంటే పని మొత్తం అయ్యాక కాకుండా మొదటి పావుగంటలోనే బయటపడుతుంది.

ప్లేటు కోసి వెల్డింగ్‌తో కట్టించడం బేరింగ్ స్టాండులకు, ఫ్రేములకు, ఒకటీ రెండూ కావాల్సిన వాటికి చక్కటి పద్ధతి. వరస మాత్రం తప్పకూడదు: ముందు వెల్డింగ్, తర్వాతే బోరింగ్. కొలత పక్కాగా ఉండాల్సిన స్టాండును వెల్డింగ్ అయ్యాక 600 నుంచి 650 డిగ్రీల దగ్గర వేడి చేసి నెమ్మదిగా చల్లార్పించాలి. లేకపోతే అతుకులో ఇమిడి ఉన్న బిగింపు మెషీనింగ్‌తో సడలి, బోరు కాస్త పక్కకు జరుగుతుంది.

ఫోర్జింగ్ గురించి రెండు ముక్కలే. 1100 నుంచి 1250 డిగ్రీల వేడిలో సాగదీసిన స్టీలులో లోపలి పొరలు భాగం ఆకారం వెంటే వంగుతాయి, అందుకే కనెక్టింగ్ రాడ్లు, హుక్కులు, క్రాంకులకు దానికి సాటి లేదు. కానీ డైల ఖర్చు వందల్లో కాదు, వేలల్లో ముక్కలు చేస్తేనే గిట్టుతుంది. విడి భాగానికైతే ఫోర్జ్ చేసినదే రెడీమేడ్‌గా దొరుకుతుందేమో వెతకండి.

లేతా, సీఎన్‌సీనా అన్న ప్రశ్న నిజానికి చిన్నది. ఒక్క షాఫ్టుకు మంచి టర్నర్ చేతి పనే మేలు, బేరింగ్ తెచ్చి చూసి, సరిపెట్టి ఇస్తాడు. యాభై షాఫ్టులు, అన్నీ ఒకే కొలత కావాలంటే సీఎన్‌సీ.

ఇచ్చింది అదే స్టీలా? టెస్టుల్లో దేన్ని ఎంచుకోవాలి

బార్ చివర రంగు చూసి గ్రేడు నమ్మడం ఆటోనగర్‌లో అలవాటు. బార్ రెండు మూడు చేతులు మారి, ముక్కలయ్యాక రంగు ఉన్న చివర ఎవరికి దక్కిందో, మీకు వచ్చింది ఏ ముక్కో తెలియదు. ఈఎన్ 19 అని కొన్న బార్ గ్రైండరుకు పెడితే ఎంఎస్‌లా రాలడం నా కళ్లతో చూశాను. కాబట్టి ముందు గ్రైండరే మొదటి టెస్టు. ఎంఎస్ రవ్వలు పొడుగ్గా, లేత పసుపుగా, పెద్దగా చీలకుండా పోతాయి. కార్బన్ పెరిగే కొద్దీ రవ్వలు కొనల్లో చిట్లి నక్షత్రాల్లా విచ్చుకుంటాయి, రాతికి దగ్గరలోనే విచ్చుకోవడం మొదలవుతుంది. పోత ఇనుము రవ్వ పొట్టిగా, ఎర్రగా ఉంటుంది. 304 స్టెయిన్‌లెస్‌కు రవ్వలు తక్కువ, నారింజ రంగు, చిట్లవు. గ్రేడు తెలిసిన ముక్క ఒకటి పక్కన పెట్టుకుని రెండూ పోల్చి చూస్తేనే ఇది నమ్మదగ్గది.

తర్వాత కాఠిన్యం. ఇందులో మూడు పద్ధతులున్నాయి, మూడూ ఒకే పనికి కావు. బ్రినెల్‌లో 10 మి.మీ. గోళీని 3000 కిలోల లోడుతో నొక్కి, పడిన గుంట వ్యాసం కొలుస్తారు. స్వీడన్‌కు చెందిన బ్రినెల్ 1900లో చూపించిన పద్ధతి. గుంట పెద్దది కాబట్టి పోత ఇనుముకు ఇదే సరైనది. అందులోని గ్రాఫైట్ పొరలూ ఇనుమూ రెండూ ఆ గుంట కిందికి వచ్చి సగటు తేలుతుంది. రాక్‌వెల్ సీ స్కేలులో 120 డిగ్రీల వజ్రపు మొనను 150 కిలోల లోడుతో దించుతారు. అంకె నేరుగా డయల్ మీద వస్తుంది, గట్టిపరిచిన పిన్నులకు, గేర్లకు హాయి. అయితే 20 కంటే తక్కువ వచ్చిన హెచ్‌ఆర్‌సీ అంకెకు విలువ లేదు. ఎంఎస్ ముక్క మీద "హెచ్‌ఆర్‌సీ 8" అని రికార్డులో రాసే విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి. అక్కడ 1/16 అంగుళం గోళీతో, 100 కిలోల లోడుతో ఉండే బీ స్కేలు వాడాలి. విక్కర్స్ పల్చటి గట్టి పొరలకు, చిన్న భాగాలకు. పైపొర ఎంత లోతు గట్టిపడిందో తెలియాలంటే ముక్కను అడ్డంగా కోసి విక్కర్స్‌తో అంచు నుంచి లోపలికి వరసగా గుంటలు వేయించాలి.

చేతిలో పట్టే పోర్టబుల్ మీటరు తెచ్చి చిన్న పిన్ను మీద అంకె చూపిస్తే నమ్మకండి. ఆ ఎగురుడు రకం మీటర్లకు కింద దాదాపు 5 కిలోల బరువున్న వస్తువు ఉండాలి, లేకుంటే ముక్కే కదిలి అంకె తగ్గుతుంది.

బ్రినెల్‌లో ఇంకో సౌకర్యం, స్టీళ్లకు ఆ అంకెను 3.45తో గుణిస్తే తన్యత బలం మెగాపాస్కల్స్‌లో దగ్గరగా వస్తుంది. 250 వస్తే సుమారు 860. అంటే ఈఎన్ 19 టీ అని అమ్మిన షాఫ్టు 180 చూపిస్తే హీట్ ట్రీట్‌మెంట్ జరగలేదని అక్కడే తెలిసిపోతుంది. అయితే 250 వచ్చినంత మాత్రాన అది ఈఎన్ 19 అని రుజువు కాదు, ఈఎన్ 8ను కూడా గట్టిపరిచి అక్కడికి తేవచ్చు. గ్రేడే తేలాలంటే స్టీలులో ఏ మూలకం ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రో టెస్టు చేయించాలి.

యూటీఎం (ముక్కను లాగి తెంచే యంత్రం) మీద తన్యత పరీక్ష ఎప్పుడు? యీల్డ్, సాగుడు రెండూ కాగితం మీద కావాల్సినప్పుడు. ఇంటి స్లాబుకు తెచ్చిన 12 మి.మీ. ఎఫ్ఈ 500డీ కడ్డీ దీనికి మంచి ఉదాహరణ. అది యీల్డయ్యే ముందు కనీసం 56.5 కిలోన్యూటన్లు మోయాలి, విరిగే లోపు 16 శాతం సాగాలి. ఒక్క షాఫ్టు కోసం మాత్రం ఈ టెస్టుకు పరుగెత్తడం దండగ, ముక్కను చెడగొట్టాలి, పైగా మీ షాఫ్టు విరిగే ఫెటీగ్ గురించి అది చెప్పేది పరోక్షంగానే.

దెబ్బ పడే భాగాలకు ఇంపాక్ట్ టెస్టు. నిలకడ లోడుకు బాగా నిలిచేది దెబ్బకు నిలుస్తుందన్న హామీ లేదు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీకి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొడితే ఆ కాంక్రీటు దిమ్మలు దెబ్బతిన్నాయి. వాటి స్థానంలో స్టీలుతో చేసినవి అమర్చారు. బరువుగా వేలాడటం వరకే అయితే కాంక్రీటుకు వంక లేదు, ఢీకొట్టుడు వేరే పరీక్ష. ఇంపాక్ట్ టెస్టులో చార్పీ, ఐజాడ్ అని రెండు పద్ధతులు, రెంటిలోనూ ముక్కకు ముందే చిన్న గాడి కోస్తారు. చార్పీలో 55 మి.మీ. పొడవు ముక్కను రెండు చివర్లా ఆనించి గాడికి వెనక వైపు నుంచి కొడతారు. ఐజాడ్‌లో 75 మి.మీ. ముక్కను నిలువుగా బిగించి గాడి ఉన్న వైపే కొడతారు. బిగింపు లేకపోవడం వల్ల చార్పీ ముక్కను చల్లటి తొట్టి నుంచి తీసి క్షణాల్లో కొట్టొచ్చు, అందుకే చలిలో స్టీలు పెళుసుబారుతుందా లేదా చూడటానికి అదే వాడతారు. మన ఎండలకు ఆ భయం తక్కువ. చల్లటి గదుల్లో లోడు మోసే స్టీలుకు మాత్రం ఐఎస్ 2062లో 'ఏ' (A) రకం కాకుండా 'బీ0' లేదా 'సీ' రకం అడగండి. బీ0కు సున్నా డిగ్రీల దగ్గర, సీకి మైనస్ 20 దగ్గర ఇంపాక్ట్ పరీక్ష ఉంటుంది, 'ఏ' (A) రకానికి మాత్రం ఆ పరీక్ష తప్పనిసరి కాదు.

వాడుకలో ఉన్న షాఫ్టులో చీలిక మొదలైందా అన్న టెన్షన్ ఉంటే వీటన్నింటి కన్నా ఎర్ర రంగు డై పెనెట్రెంట్ మేలు. శుభ్రం చేసి, రంగు కొట్టి, పది నిమిషాలకు పైగా ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే కీ గాడి మూలలో సన్నటి ఎర్రగీత తేలుతుంది. మూడు డబ్బాల పని, షాపులోనే అయిపోతుంది. ఏటా సీజన్‌కు ముందు మెషీన్లు విప్పే మిల్లుల వాళ్లు దీన్ని అలవాటు చేసుకుంటే బావుంటుంది.

ల్యాబ్‌కు ముక్క పంపేటప్పుడు, అది ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబైనా, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబైనా, గ్యాస్‌తో కోసి పంపకండి. వేడికి అంచు దగ్గర గుణం మారిపోతుంది, రిపోర్టులో వచ్చేది మీ బార్ సంగతి కాదు, ఆ కాలిన అంచు సంగతి. నూనె నీళ్లు పోస్తూ రంపంతో కోయించండి, బార్ పొడవు వెంట తీయించండి, ఏ చివర నుంచి తీశారో పంచ్ కొట్టి గుర్తు పెట్టండి. మిగిలిన బార్ మీద కూడా అదే గుర్తు ఉండాలి, లేకపోతే రిపోర్టు ఒకదానిది, షాఫ్టు ఇంకోదానిది అవుతుంది.